చిక్కుడు పాదులో చేప తలకాయలు

ఐర్లండ్‌లోని బాలింకాలిగ్‌లో మా పెరటి చిక్కుడు పాదులో నేను ఎరువుకని చేప తలకాయలు పాతిపెడతాను. మా అమ్మ పద్ధతి అది, ఎవరేమనుకున్నా మానను. మా అమ్మాయి మాత్రం ముక్కు మూసుకునేది. తెలుగు అర్థమైనా ఇంగ్లీషులోనే జవాబిచ్చే పిల్ల.

మొన్న బడినుంచి వస్తూనే, "మామ్, వాంపనోగ్ పీపుల్ డిడ్ దట్ టూ!" అంది. వాళ్ళు అమెరికా తూర్పు తీరపు మూలవాసులట. ఓడల్లో వచ్చి ఆకలికి మాడుతున్న ఇంగ్లీషువాళ్ళకి, మొక్కజొన్న కింద చేప పాతమని నేర్పారట. కడుపు నిండాక వీళ్ళు ఆ నేలే లాక్కున్నారట.

నాకు ఒళ్ళు మండింది. "మరి నేర్పినవాళ్ళు ఏమైపోయారే?"

"దే ఆర్ స్టిల్ దేర్, మామ్." మాట్లాడేవాళ్ళు లేక ఆగిపోయిన తమ భాషను పిల్లలకి మళ్ళీ నేర్పుకుంటున్నారట.

తలకాయల గిన్నె తనే అందుకుని, ముక్కు మూసుకోకుండా అంది: "అమ్మా, గొయ్యి నేను తవ్వుతా."