తాడు మీద రెండో జత

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ కాలనీ కళ్ళు మూసుకుంటుంది. కిటికీల చెక్క రెక్కలు ఒక్కొక్కటే వాలిపోతాయి. అంజూర చెట్ల మీద కీచురాళ్ళు మాత్రం ఎండని రంపంతో కోస్తూ ఉంటాయి. సరిగ్గా ఆ వేళకి నజీఫె మెట్లు దిగుతుంది, ఒక చెయ్యి గోడకి ఆనించి, నొప్పి మోకాలిని బతిమాలుకుంటూ.

ఒంటి మీద ముదురు నీలం హషెమా. మోకాళ్ళు దాటిన పొడుగు చొక్కా, కింద పైజామా, జుట్టునీ మెడనీ మూసే టోపీ, అన్నీ ఈతకి పనికొచ్చే గుడ్డతో కుట్టినవే. ముఖం, చేతులు, పాదాలు తప్ప ఇంకేం కనపడదు. ఆమెకి అదో విషయమే కాదు. పద్నాలుగో ఏట తలకి గుడ్డ కట్టుకుంది. ఇప్పుడు అరవై దాటింది. ఒంటికి తోలున్నట్టే అదీ ఉంది.

కాలనీ ఈత కొలను ఖాళీగా ఉంటుంది. నజీఫె నిచ్చెన పట్టుకుని మెల్లగా దిగుతుంది. నీళ్ళు ముందు మోకాలిని అందుకుంటాయి. ఆ క్షణంలో ఆ కాలు ఆమెది కాకుండా పోతుంది, ఎవరో ఎత్తుకున్నట్టు. వెల్లకిలా తేలి చెవులు నీళ్ళలో ముంచితే కీచురాళ్ళు కూడా ఆగిపోతాయి. మిగిలేది తన గుండె చప్పుడొక్కటే. దాన్ని ఇంకెవరిదో అనుకుంటూ కాసేపు వింటుంది.

ఆమె పుట్టింది సముద్రం వాసన కూడా సోకని కిర్షెహిర్ అనే ఊళ్ళో. అక్కడ వేడినీటి బుగ్గల స్నానశాలలో ఆడవాళ్ళ వేళ అని ఒకటుండేది. గుమ్మటం కింద ఆవిరిలో మేనత్త ఆమె వీపు కింద చెయ్యి పెట్టి తేలడం నేర్పింది. "చెయ్యి తీసేశానే ఎప్పుడో" అని మేనత్త నవ్విన రోజు నజీఫెకి జీవితాంతం గుర్తుండిపోయింది. ఎవరో పట్టుకుని ఉన్నారన్న నమ్మకం మీద మనిషి తేలుతుందని ఆ రోజే తెలిసింది.

భర్త యాకుప్ దూరప్రాంతాల బస్సు డ్రైవరు. పాతికేళ్ళు ఈ తీరాన్ని బస్సు అద్దంలోంచే చూశాడు. రిటైరయ్యాక పట్టుబట్టి ఇక్కడ రెండు గదుల ఇల్లు కొన్నాడు. రెండో చలికాలం, ముందున్న టీ చల్లారేలోపే ప్రాణం వదిలాడు. పిల్లల్లేరు. కిర్షెహిర్‌లో ఆడపడుచులు "వచ్చెయ్యి వదినా" అన్నారు గానీ, ఆ పిలుపు వెనకే "ఈ వయసులో మగాళ్ళ ముందు నీళ్ళలో తేలుతుందట" అన్న మాట కూడా వచ్చింది. నజీఫె వెళ్ళలేదు. రోడ్డు దాటితే సముద్రమే. కానీ ఆ ఒడ్డంతా గులకరాళ్ళు. ఆమె మోకాలికి మిగిలింది కొలను ఒక్కటే.

వచ్చిన మొదటి వేసవిలో ఆమె అందరితోపాటే సాయంత్రం దిగింది.

"శుభ సాయంత్రం అండీ" అంది.

"మీకూ మీకూ" అన్నారు నీళ్ళలో ఉన్నవాళ్ళు.

కాస్త ఆగి కింది అంతస్తు సెవాల్ "అయ్యో, పొయ్యి మీద వంకాయలు వదిలేసి వచ్చాను!" అని నిచ్చెనెక్కేసింది. ఇంకొకామె "చలేస్తోంది" అంది, నడి వేసవిలో. మరొకామె కూతుర్ని చెయ్యి పట్టి లాగింది. "బయటికి రా, పెదాలు నీలం తిరిగాయి." ఆ పిల్ల పెదాలు పుచ్చకాయ ముక్కలా ఎర్రగా ఉన్నాయి. అందరికన్నా చివర లేచింది పెరిహాన్ టీచరు. చావింటి నుంచి తొందరగా లేచి వచ్చేవాళ్ళలా, తల దించుకుని, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే నజీఫె జవాబు చెప్పి ఉండేది. అంత పెద్ద కొలనులో ఆమె చేతులు కదిపినప్పుడు పుట్టిన అలలే గోడలకి కొట్టుకుని తిరిగి ఆమె దగ్గరికే వచ్చాయి.

ఆ రోజు నుంచే మధ్యాహ్నాలు ఆమెవి అయ్యాయి.

పెరిహాన్‌ది పక్కిల్లే. రెండు బాల్కనీల మధ్య గరుకు అద్దం తెర. కటకటాల మీంచి చెయ్యి చాస్తే ఇవతలి గ్లాసు అవతలికి అందుతుంది. ఇజ్మీర్ నగరంలో ముప్పై ఏళ్ళు భూగోళం పాఠాలు చెప్పిన మనిషి. జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, పొద్దున్నే సముద్రంలో హద్దు గుర్తుగా దూరంగా తేలే ఎర్ర డబ్బా దాకా ఈది వచ్చేది. నీళ్ళలో నజీఫెని వదిలి లేచిపోయిన ఆ మనిషే సాయంత్రం అన్నం కూరిన ద్రాక్షాకుల పొట్లాల పళ్ళెం అందించేది.

"తీసుకో నజీఫె. ఉప్పు కాస్త ఎక్కువైంది, తిట్టుకుంటూ తిను."

"మీ చేతి ఉప్పు నాకు అలవాటైపోయింది టీచరమ్మా."

"అది పొగడ్తా, తిట్టా?"

"తిన్నాక చెబుతాను."

అలా నాలుగు వేసవులు గడిచాయి. బాల్కనీలో స్నేహం, కొలనులో పరాయితనం. నజీఫె దేన్నీ అడగలేదు. ఒకే ఒక్క కోరిక ఉండేది, ఎవరికీ చెప్పలేదు. ఆ నీళ్ళలో ఇంకొక మనిషి ఉండాలి. మాట్లాడకపోయినా సరే. ఆ మనిషి కదిలితే పుట్టిన అల వచ్చి తనకి తగలాలి.

ఆ మరుసటి చలికాలమంతా పెరిహాన్ ఇజ్మీర్‌లో ఉండిపోయింది. వేసవికి వచ్చింది గానీ సముద్రం వైపు చూడలేదు. వదులు చొక్కాల్లో, భుజాలు ముందుకి వంచుకుని తిరిగింది. ఒక సాయంత్రం టీ గ్లాసు అందుకోకుండా నజీఫె చెయ్యి పట్టుకుంది.

"ఎడం వైపు తీసేశారు" అంది, రెండో చెయ్యి రొమ్ము మీద పెట్టుకుని. "ఇక్కడ ఏం లేదు ఇప్పుడు. ఎవరికీ చెప్పలేదు."

నజీఫె ఆ చేతిని వదల్లేదు.

"నొప్పికి ఏడవలేదు తెలుసా? నీళ్ళ కోసం ఏడుపొస్తోంది. నా ఈత దుస్తులు వేసుకుని అద్దం ముందు నిలబడ్డాను. ఒక పక్క సంచీలా వేలాడింది." మామూలు గొంతు తెచ్చుకుంది. "నువ్వు వేసుకునే ఆ హషెమా... ఇంకొకటి ఉందా?"

ఉంది. పాత జత, మోకాళ్ళ దగ్గర రంగు వెలిసింది. నజీఫె రెండ్రోజులు దాని ముందు కూర్చుంది. పక్కలు బిగించింది. లోపల ఎడం వైపు ఒక జేబు కుట్టి, స్నానం స్పాంజిని గుండ్రంగా కత్తిరించి అందులో పెట్టింది. పెరిహాన్ వేసుకుని అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుంది.

"నేనిలా తల కప్పుకున్నది మా అమ్మ చూస్తే ఇవాళే ఇంకోసారి చచ్చిపోతుంది" అంది. మాట వెటకారంగానే వచ్చింది, కళ్ళు మాత్రం తడిసిపోయాయి.

మరుసటి మధ్యాహ్నం, కిటికీలన్నీ మూసుకున్నాక, ఇద్దరూ కలిసి మెట్లు దిగారు. పెరిహాన్ ముందు భయంగా దిగింది, తర్వాత ఒక్కసారిగా మునిగి అవతలి గోడ దగ్గర తేలింది. ఆ అల నడుచుకుంటూ వచ్చి నజీఫె భుజానికి తగిలింది. నజీఫె కళ్ళు మూసుకుంది.

తిరిగి నిచ్చెనెక్కేటప్పుడు స్పాంజి తాగిన నీళ్ళన్నీ ఒక్క పక్కనుంచే ధారగా కారాయి.

"ఇదేంటే, పాలిస్తున్నాను!" అంది పెరిహాన్.

ఇద్దరూ నిచ్చెన ఊచలు పట్టుకుని ఊపిరాడకుండా నవ్వారు. కిటికీ రెక్క ఎక్కడైనా తెరుచుకుంటుందేమోనని నోళ్ళు మూసుకుని మరీ నవ్వారు. యాకుప్ పోయాక నజీఫె అలా నవ్వడం అదే మొదటిసారి.

"ఈ టోపీ ఒకటి" అంది పెరిహాన్ పిండుకుంటూ. "గేటు మీద 'టోపీ లేనిదే దిగరాదు' అని రాసి ఉందా? సెవాల్ పెట్టుకోదు, రంగు వేసిన జుట్టు పాడవుతుందని. ఎవరూ పెట్టుకోరు. కాలనీ మొత్తంలో రూలు పాటించేది నువ్వొక్కదానివి. నిన్ను చూసే అందరూ పారిపోతారు."

"నువ్వు పారిపోలేదా?" అంది నజీఫె. నీళ్ళలో ఎప్పుడో 'మీరు' జారిపోయింది.

పైకి వెళ్ళి పెరిహాన్ బట్టలు మార్చుకుంది. తడి జతని మడిచి ఆమె చేతిలో పెట్టింది. "నీ తాడు మీద ఆరెయ్యి. నా బాల్కనీలో కనపడితే వంద మందికి సంజాయిషీ చెప్పుకోవాలి."

అలా నజీఫె తాడు మీద రెండు జతలు ఆరాయి. సాయంత్రపు గాలి వచ్చి వాటిలో దూరితే చేతులు నిండేవి, కాళ్ళు నడిచేవి. ఒక్కోసారి ఒకదాని చెయ్యి రెండోదాని భుజం మీద పడేది. నజీఫె కూరగాయలు తరుగుతూ ఆ నీడల్ని గోడ మీద చూస్తూ కూర్చునేది. ఇంట్లో ఎవరో ఉన్నట్టుండేది.

వేసవి చివర కాలనీ సమావేశం జరిగింది. పందిరి కింద ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. టీలు, పొద్దుతిరుగుడు గింజల పొట్లాలు తిరుగుతున్నాయి. అధ్యక్షుడు తారిక్ రిటైరైన ఇంజనీరు. నీటి మోటారు గురించీ పిల్లుల గురించీ మాట్లాడాక గొంతు సవరించుకున్నాడు.

"ఇక కొలను సంగతి. శుభ్రత విషయం అండీ, ఇంకేం కాదు. అంత గుడ్డ నీళ్ళలో నానితే..."

"శుభ్రతా?" అంది నజీఫె. "నేను రోజూ స్నానం చేసి దిగుతాను తారిక్ గారూ. మీ అల్లుడు బీచి నుంచి ఇసకతో వచ్చి దూకుతాడు."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

సెవాల్ గింజలు పక్కన పెట్టింది. "శుభ్రత కాదులెండి, ఉన్నమాట చెబుతాను. నాకు మీ మీద కోపం లేదు నజీఫె గారూ. మీరు నా బాల్కనీలోంచి ఎగిరి పడిన తుండుగుడ్డ మడిచి తెచ్చిచ్చే మనిషి. కానీ మా అక్క కూతురు పొట్టి చేతుల గౌను వేసుకుందని, ఒళ్ళు కప్పుకోమంటూ బస్సులో ఒకడు నానా మాటలూ అన్నాడు. మిమ్మల్ని చూస్తే నాకు వాడు గుర్తొస్తాడు. ఏం చెయ్యను?"

"నన్ను చూస్తే నేను గుర్తుకు రావాలి గానీ, వాడెందుకు?" అంది నజీఫె మెల్లగా.

సెవాల్ ముఖం తిప్పుకుంది. తర్వాత, తిప్పుకున్న ముఖంతోనే అంది, "ఇదివరకు ఒక జతే ఉండేది. ఇప్పుడు మీ తాడు మీద రెండు ఆరుతున్నాయి. నా కళ్ళతో చూశాను."

కుర్చీలు కిర్రుమన్నాయి. తారిక్ ముందుకి వంగాడు. "రెండా? ఎవరండీ రెండో ఆవిడ? బంధువులా? ఈ ఏడాది రెండు, పై ఏడాది ఇరవై. అడుగుతున్నామని ఏమనుకోకండి, ఎవరామె?"

నజీఫె పక్క కుర్చీలోనే పెరిహాన్ ఉంది. గింజ ఒకటి ఆమె పళ్ళ మధ్య ఆగిపోయింది. ఒక్క పేరు చెబితే చాలని నజీఫెకి తెలుసు. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన పెరిహాన్‌ని నీళ్ళలోంచి లెమ్మనే ధైర్యం ఆ పందిరి కింద ఎవరికీ లేదు. ఆ పేరుతో మధ్యాహ్నాలు మిగులుతాయి, అలలు మిగులుతాయి. నజీఫె ఎదురుచూసింది. ఆ పేరు పెరిహాన్ నోటి నుంచే రావాలి. ఇంకెవరి నోటి నుంచి వచ్చినా అది దొంగతనం.

పెరిహాన్ భుజాలు ఇంకా ముందుకి వంగాయి. చెయ్యి చొక్కా ఎడం వైపుకి వెళ్ళి, అక్కడే ఆగింది.

"ఎవరూ రాలేదు" అంది నజీఫె. "రెండూ నావే."

చేతులెత్తమన్నారు. ఆ దుస్తులతో కొలనులో దిగకూడదన్నవాళ్ళ చేతులు లేచాయి. పెరిహాన్ చెయ్యి లేవలేదు. దిగొచ్చన్నవాళ్ళని ఎత్తమన్నారు. నజీఫె చెయ్యి లేచింది, వెనక వరసలో ఒక ముసలాయన చెయ్యి లేచింది. అప్పుడూ పెరిహాన్ చెయ్యి ఆమె ఒళ్ళోనే ఉంది, రెక్క విరిగిన పిట్టలా.

మరుసటి మధ్యాహ్నం కిటికీలు మూసుకున్నాయి. నజీఫె మెట్లు దిగలేదు. బాల్కనీలోంచి కిందకి చూసింది. కొలను కదలకుండా ఆకాశాన్ని పట్టుకుని పడుకుంది. ఆమె తాడు మీది రెండో జత తీసి, ముడతలు సాపు చేసి, చక్కగా మడిచింది. స్పాంజి ఎండి తేలికైపోయింది. కటకటాల మీంచి చెయ్యి చాచి అద్దం తెర అవతలికి అందించింది. అవతల పెరిహాన్ కూర్చునే ఉంది.

"ఎందుకు ఇస్తున్నావు?" అంది పెరిహాన్. "ఇంకెక్కడ వేసుకుంటాను నేను దీన్ని? నజీఫె, నోరు తెరుద్దామనే అనుకున్నాను. నిజం. తెరవలేకపోయాను."

"తెలుసు టీచరమ్మా."

"టీచరమ్మా అనకు."

నజీఫె చాచిన చెయ్యి అలాగే ఉంచింది. "వేసుకోమని కాదండీ. నా తాడు మీద రెండుంటే చూసినవాళ్ళు నాకు ఎవరో ఉన్నారనుకుంటున్నారు. నేనూ అలాగే అనుకున్నాను."

అవతలి చెయ్యి ఆ జతని అందుకుంది. వేళ్ళు ఒక్క క్షణం తగిలి విడిపోయాయి. తర్వాత లోపలి గది తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది.

సాయంత్రం గాలి వచ్చింది. తాడు మీద మిగిలిన నీలం జత చేతులు నింపుకుని పక్కకి చాచింది. అక్కడ ఏమీ తగలక, మెల్లగా తాడు చుట్టూ చుట్టుకుంది. నజీఫె లేచి వెళ్ళి దాన్ని విప్పి, తాడుకి సరిగ్గా మధ్యలో వేసి, రెండు క్లిప్పులు పెట్టింది.