వై కొట్టింది నేనే

మా ల్యాబ్ మాస్టారు పోయారని మంగళవారం పొద్దున గుడివాడ బస్టాండులో బందరు బస్సు కోసం నిలబడి ఉండగా ఫోనొచ్చింది. "తెల్లారి రొయ్యల చెరువు గట్టు మీదే పడిపోయారంటండీ. సాయంత్రం కోడూరులో సమాధి చేస్తారంట," అంది మా ఆఫీసు క్లర్కు. నాకు ఏడుపు కూడా రాలేదు. ఇక ఆయనకి చెప్పుకునే వీలు లేదు కదా అనుకున్నాను. మూడేళ్ళుగా నేను మింగి కూర్చున్న మాట ఒకటుంది. ఆయనకి చెప్పాల్సింది మీకు చెబుతున్నాను.

బందరులో మా కాలేజీ కంప్యూటర్ ల్యాబులో ఆయన అటెండరు, అదీ కాంట్రాక్టు మీద. తాళాలు తీయడం, కుర్చీలు సర్దడం కాగితాల మీద ఆయన పని. కానీ కాలేజీ వెబ్‌సైటు నడిచే సర్వరుకి ఏ రోగమొచ్చినా మందు ఆయన దగ్గరే ఉండేది. పదో తరగతితో చదువు ఆపేసిన మనిషి, తెర మీద వచ్చే ఇంగ్లీషంతా కూడబలుక్కుని చదువుతూ నేర్చుకున్నారు. అందుకే పిల్లలూ మేమూ అందరం మాస్టారనే పిలిచేవాళ్ళం.

ఏది చదివినా పైకే చదివేవారు. ఆదివారం కోడూరు చర్చిలో వాక్యం చదివేది ఆయనే, సోమవారం ల్యాబులోనూ అదే గొంతు. సర్వరుకి కొత్త మాడ్యూల్, అంటే ఇంకో ప్రోగ్రాము ముక్క, కలపాలంటే ప్యాకేజీ మేనేజరనే ప్రోగ్రాముకి ఒక్క లైను కమాండ్ ఇస్తే చాలు, కావలసినవన్నీ అదే తెచ్చి పెడుతుంది. పెట్టే ముందు మాత్రం, ఫలానావి చేరుస్తాను, ఫలానావి తీసేస్తాను, సరేనా అని అడుగుతుంది. సరే అంటే వై కొట్టాలి, వద్దంటే ఎన్. మాస్టారు ఆ జాబితాలో ఒక్కో పేరూ వేలు పెట్టి చదివితే గానీ వై జోలికి వెళ్ళేవారు కాదు. చదవడం అయిపోగానే వెనకనుంచి పిల్లలు "ఆమేన్" అనేవాళ్ళు. ఆయనా నవ్వేసేవారు.

నాకేమో ఒళ్ళు మండేది. ఎం.టెక్ చేసి అప్పుడే లెక్చరరుగా చేరినదాన్ని, నా నోరు ఊరుకుంటుందా? "ఒక్క వై కొట్టడానికి ఇంతసేపా మాస్టారూ?" అనేదాన్ని.

"అది మర్యాదగా అడుగుతోంది కదమ్మా. అడిగినప్పుడు వినకపోతే ఎట్టా?" అనేవారు.

మర్యాదంటే ఆయనదే లెండి. నేను చేపలూ రొయ్యలూ తిననని తెలిసి, నా భోజనం అయ్యేదాకా తన క్యారేజీ మూత తీసేవారు కాదు. నేను ఫోను మాట్లాడుతూ ఎంత ఆలస్యం చేసినా అలాగే కూర్చునేవారు.

ఆ ఏడు పరీక్షలకి ముందురోజు హాల్ టిక్కెట్లు సైటులో పెట్టాం. పిల్లలంతా ఒక్కసారే మీద పడితే సర్వరు తట్టుకోవడానికి ఒక మాడ్యూల్ కలపమన్నారు ప్రిన్సిపాల్ గారు. మాస్టారు పరీక్ష గదుల్లో బల్లలు వేయించడానికి వెళ్ళారు. ఆయన వచ్చేదాకా ఆగేదేంటని నేనే కూర్చున్నాను. జాబితా వచ్చింది. చదవకుండా వై కొట్టేశాను. తీసేస్తానని అది చెప్పిన వాటిలో మా సైటు పేజీలను నడిపించే పాత మాడ్యూలే ఉంది. సైటు తెల్లకాగితమైపోయింది.

మాస్టారు పరుగున వచ్చారు. ఏం పెట్టిందీ, ఏం తీసిందీ, ఎవరి లాగిన్ నుంచి అడిగారూ అన్నీ ప్యాకేజీ మేనేజరు ఒక ఫైల్లో రాసుకుంటుంది. అది తెరిచి పైకి చదువుతూ వచ్చారు. నా పేరు దగ్గర ఆయన వేలు ఆగింది. ఆ ఒక్క లైనూ పైకి చదవలేదు.

సైటు లేచేసరికి సాయంత్రమైంది. ముదినేపల్లి వైపు పల్లెల పిల్లలు కొందరు నెట్ సెంటర్ల దగ్గర చూసి చూసి ఇళ్ళకి పోయారు. మర్నాడు హాల్ టిక్కెట్ లేక గేటు దగ్గరే ఆగిపోయారు.

"ఎవరు చేశారిది?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"నేనేనండీ. చూసుకోకుండా కొట్టేశాను," అన్నారు మాస్టారు.

నేను బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను. నాకింకా ప్రొబేషన్ అయిపోలేదు. బయటికొచ్చాక ఆయనే, "తిట్లు నాకు అలవాటేనమ్మా, మీది కొత్త ఉద్యోగం," అన్నారు. తిట్లతో పోతుందనుకున్నారు పాపం. పిల్లల తల్లిదండ్రులు గొడవ పెట్టారు. మాస్టారి కాంట్రాక్టు పొడిగించలేదు. ఆయన కోడూరు వెళ్ళి రొయ్యల చెరువు కాపలాకి కుదిరారు. అప్పుడైనా నోరు విప్పాలా? విప్పలేదు. నా ఉద్యోగం పర్మనెంటు అయిన రోజు స్టాఫ్ రూములో స్వీట్లు పంచాను. అంత సిగ్గుమాలినదాన్ని.

మంగళవారం క్లాసులు మానేసి కోడూరు వెళ్ళాను. సమాధుల దొడ్లో గొయ్యి తవ్వుతుంటే ఉప్పునీళ్ళు ఊరుతున్నాయి. బంధువులు బకెట్లతో తోడిపోస్తున్నారు. ఆయన భార్య పక్కన కూర్చుని చెప్పేశాను. "ఆ రోజు వై కొట్టింది నేనండీ. మాస్టారు కాదు. నన్ను కాపాడ్డానికి ఆయన తన మీద వేసుకున్నారు."

ఆవిడ నా వంక చూశారు. అరుస్తారనుకున్నాను. అరిచినా బాగుండేది.

"నాతో కూడా తనే చేశానన్నాడండీ," అన్నారు. "చేతిలో ఉద్యోగం చేజేతులా పోగొట్టుకున్నావని మూడేళ్ళూ దెప్పుతూనే ఉన్నాను. నిన్న రాత్రి అన్నం పెడతా కూడా అదే మాటన్నాను. తలొంచుకుని తిని, చెరువు దగ్గరికి వెళ్ళాడు."

గొయ్యిలో ఊట ఆగడం లేదు. ఇక ఇంతేనని బకెట్లు పక్కన పెట్టేశారు. ఆ నీళ్ళలోకే పెట్టె దించారు.