ఇంటి నవ్వుల పోటీ

మా ల్యాబులో పళ్లు తయారుచేస్తాం. డాక్టర్లు నోటి అచ్చులు పంపిస్తే, సరిపడా పన్నో సెట్టో చేసి పంపడం మా పని. పాలిష్ నాది. రోజంతా ఊరివాళ్ల నోళ్ల మధ్య బతుకుతాం కాబట్టి ఎదుటిమనిషి కళ్లలోకి చూడటం మాకు ఎప్పుడో తప్పిపోయింది. చూపు తిన్నగా పళ్ల మీదికే పోతుంది. మనిషి వెక్కివెక్కి ఏడుస్తున్నా కోరపన్ను అరిగిందా లేదా అన్నదే మా ధ్యాస.

ఏడాదికోసారి మా ఓనరు హోటల్లో మధ్యాహ్నం భోజనం పెట్టిస్తాడు. అక్కడ ఆయన కనిపెట్టిన ఘనకార్యం ఒకటుంది, ఇంటి నవ్వుల పోటీ. మొగుడికో పెళ్లానికో తమ చేత్తో పన్ను కట్టినవాళ్లు వాళ్లని నిలబెట్టి ఇకిలింపజేయాలి. ఏది కట్టిన పన్నో మిగతావాళ్లు చెప్పలేకపోతే కట్టినవాళ్లు గెలిచినట్టు. పిల్లల్ని కన్నవాళ్లు, పెద్దమనుషులు, సంతలో ఎడ్లలాగా నోళ్లు తెరుచుకుని నిలబడతారు.

జంటలకి ముందు టేబుళ్లు. మొగుడు పోయినవాళ్లకీ పెళ్లికానివాళ్లకీ వంటగది తలుపు పక్కన ఒకటి. నాకూ బ్రహ్మచారికీ అక్కడే ఆస్థానం. మైనంలో పన్ను చెక్కాలంటే మా దగ్గర అతనే. వేడి మైనానికి వేళ్ల చివర్లు మొద్దుబారిపోయాయి. నలభై దాటినా పెళ్లి మాట ఎత్తనివ్వడని ఆ పేరు పెట్టారు. నెలకో సంబంధం పంపుతుందని సొంత అక్కతోనే మాటలు మానేశాడు.

ఏర్పాట్లన్నీ రంగుల మేడంవి. పన్నుకి రంగు కుదర్చడం ఆవిడ పని, కనిపించినవాళ్లకల్లా సంబంధాలు కుదర్చడం ఆవిడ జబ్బు. ఈసారి ఫోన్లో ఫోటో పెట్టుకుని మా టేబుల్ దగ్గరికి వచ్చింది.

"బాబూ, ఇదిగో మా చిన్నాడపడుచు. విడాకులయ్యాయి గానీ పిల్ల బంగారం. ఎన్నాళ్లని ఈ మూల కూర్చుంటావ్?"

అతను చెంచా కింద పెట్టాడు. "నాకు తోడున్నారు మేడం. మగమనిషి. ఎనిమిదేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. మా కజిన్ అని తీసుకొస్తే అతని ముందుపన్నుకి మీరే రంగు కుదిర్చారు. కజిన్ కాదు. పన్ను విరిగాక రెండేళ్లు చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వాడు. నేను కట్టాకే ఆ చెయ్యి తీశాడు. నా పేరూ పోటీలో రాయండి. కాసేపట్లో నన్ను తీసుకెళ్లడానికి వస్తాడు, లోపలికి పిలుస్తాను."

చెప్పేసి పళ్లెం పక్కకి జరిపాడు. ఆవిడ మాత్రం అతని నోటికేసే చూస్తోంది.

"అయ్యో, నాకు అలాంటి పట్టింపులేం లేవు బాబూ. నేను చాలా బ్రాడ్‌మైండెడ్. ఎవరికీ చెప్పను, ఒట్టు. పోటీకేముంది, కజిన్ అనే రాస్తాలే."

"కజిన్లకి పోటీ లేదుగా మేడం. ఇంట్లోవాళ్లకేగా."

"అయితే ఇప్పుడెందుకులే. వచ్చే ఏడు చూద్దాం."

ఆ ఒట్టు పక్క టేబుల్ దాకా కూడా బతకలేదు. ఒక్కో కుర్చీ దగ్గరా వంగి, చెవిలో ఊది, "పాపం, మనమే ధైర్యం చెప్పాలి" అని జాలి వడ్డించుకుంటూ పోయింది. ఓనరు వచ్చి బ్రహ్మచారి భుజం తట్టాడు. తట్టిన చేతిని రుమాలుకి తుడుచుకున్నాడు.

"మనకేం అభ్యంతరం లేదయ్యా. కానీ పోటీ ఫోటోలు డాక్టర్లకి వెళ్తాయి కదా. ఇంటి సంగతులు ఇంట్లోనే ఉంచుకుంటే అందరికీ మర్యాద."

ఈ మర్యాదస్తుడే పోయిన ఏడు పోటీలో పెళ్లాం దవడ పట్టుకుని, నోరు తెరిపించి, టార్చి వేసి మరీ మాకందరికీ చూపించాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"అలాగైతే నా పేరు రాయండి సార్," అన్నాను. "మా ఆయన పోయినా ఆయన పళ్ల సెట్టు ఇంట్లో గ్లాసులోనే ఉంది. తెచ్చి టేబుల్ మీద పెడతా. మర్యాదగా నవ్వుతుంది."

ఇంతలో బయట స్కూటర్ ఆగింది. బ్రహ్మచారి చెప్పిన మనిషే. ఏటా వస్తాడు, గేటు దగ్గరే ఆగిపోతాడు. కజిన్ అనుకున్నారు కాబట్టి ఇన్నాళ్లూ ఎవరూ తలెత్తి చూసిన పాపాన పోలేదు. ఇవాళ మాత్రం మావాళ్లంతా చేతులైనా కడుక్కోకుండా అద్దాల గోడకి అతుక్కుపోయారు. ఏ పన్ను, ఏ పన్ను అని ఒకటే గుసగుసలు. "పైన ఎడమవైపుది, రంగు నాదేగా" అంది మేడం. కుడివైపుది. పాలిష్ పెట్టింది నేను.

బ్రహ్మచారి లేచి బయటికి నడిచాడు. లోపల నాకు మాత్రం ఏముంది, నేనూ వెనకే వెళ్లాను. స్కూటర్ మీది మనిషి అతన్ని చూసి నవ్వబోయాడు. అంతలో అద్దం వెనక మూక కనబడింది. చెయ్యి గబుక్కున నోటికి అడ్డం పోయింది.

"ఏమైంది? ఏం చెప్పావ్ వాళ్లకి?" అన్నాడు వేళ్ల సందుల్లోంచి.

"ఉన్నదే చెప్పా. నువ్వు మా ఇంటి మనిషివని."

ఆ మాట అని, మొద్దుబారిన వేళ్లతో ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించాడు. దించాక వదల్లేదు. అద్దం అవతల మావాళ్లు ఇంకా పన్నే వెతుకుతున్నారు.