తథాస్తు దేవతలకు ఇంగ్లీషు రాదనుకున్నాను

మనవరాలికి ఒళ్లు వెచ్చబడిందని కోడలు పొద్దున బార్లీ కాచింది. ఆ వాసన ముక్కుకి తగలగానే, ఇన్నేళ్ల తర్వాత కూడా, నాకు భయం వేసింది.

తాడేపల్లిగూడెంలో మా ఇంటికి రైలు కూత వినబడేది. ఏలూరు హైస్కూల్లో చదివే అన్నయ్య దసరా సెలవులకి దిగాడంటే, వానలు వెనకపట్టి పెరట్లో చామంతులు మొగ్గ తొడిగే ఆ రోజుల్లో, అమ్మ పులిహోరకి పోపు పెట్టే ఘుమఘుమ, మధ్యాహ్నమంతా గవ్వలాట, సాయంత్రం వీధరుగు మీద నాకు ఇంగ్లీషు పాఠం. నాకు పదకొండేళ్లు. అప్పటికే బడి మాన్పించారు. అన్నయ్య చెప్పే ఆ నాలుగు ముక్కలే నా చదువు.

ఆ ఏడు సబ్జంక్టివ్ మూడ్ మొదలెట్టాడు. "ఇఫ్ ఐ వర్ ఎ బర్డ్" అని వాళ్ల మాస్టారి వాక్యం చెప్పి, నేను పిట్టనైతే కొల్లేటి మీద ఎగిరేదాన్ని అని అర్థం విప్పి, జరగని సంగతికే ఈ 'వర్' వాడతారని, నన్ను సొంతంగా ఒకటి కట్టమన్నాడు. బొత్తిగా జరగనిది ఏముందా అని వెతుక్కున్నాను. కాలవ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఈదే అన్నయ్య మంచాన పడటాన్ని మించింది తోచలేదు. అన్నయ్యకి జబ్బు చేస్తే నేను పక్కనే కూర్చునేదాన్ని అని ఇంగ్లీషులో చెప్పాను. ఒక్క తప్పు లేదని నవ్వాడు. అక్కడితో ఊరుకోవచ్చుగా. దీపం వెలిగిస్తున్న మామ్మ ఏమిటే అది అనడిగితే, గొప్పకి పోయి తెలుగులో చెప్పాను.

"సందెవేళ అవేం మాటలే. తథాస్తు దేవతలు తిరుగుతుంటారు" అని మామ్మ నా నోటి మీద ఒక్కటిచ్చింది.

పది రోజులు తిరక్కుండా అన్నయ్యకి టైఫాయిడ్ పట్టుకుంది. పక్కన కూర్చోవడం మాట దేవుడెరుగు, నాకూ అంటుకుంటుందని పెంటపాడులో మేనత్త ఇంటికి పంపేశారు. అక్కడ అట్లతద్దికి చీకటితోనే లేపి గోంగూర పచ్చడి, పెరుగన్నం పెట్టారు. ఆడపిల్లలంతా ఉయ్యాలెక్కి పాడుతుంటే దూరంగా నిలబడి ఒకటే అనుకున్నాను: ఇంగ్లీషులోనే ఉంచితే దేవతలకి తెలిసేది కాదు, తెలుగులో చెప్పాను గనకే విన్నారు. మీకు నవ్వొస్తుందేమో. నాకు ఇప్పటికీ రాదు.

అన్నయ్య బతికాడు. నలభై రోజులకి తిరిగొచ్చి చూస్తే ఇల్లంతా అన్నయ్యకి కాచే బార్లీ వాసన, మనిషి పుల్లలా ఉన్నాడు, పిలిస్తే పలకలేదు. రెండు చెవులూ పోయాయి. ఏలూరు చదువు అంతటితో సరి, నా పాఠాలూ సరి. నన్ను చూస్తే నవ్వేవాడు గానీ మళ్లీ ఆ అరుగు మీద కూర్చోలేదు.

మామ్మ ఆ సాయంత్రం సంగతి ఎవరికీ చెప్పలేదు. రెండేళ్ల తర్వాత ఓ రోజు ఆవిడ కాళ్లు పడుతూ, అమ్మకెందుకు చెప్పలేదు అని అడిగాను. నీ వల్ల కాదే అంటుందేమోనని నా ఆశ.

"చెబితే మీ అమ్మ నీ మొహం చూసినప్పుడల్లా అదే అనుకుంటుందే పిచ్చిదానా. అనుకోడానికి నేనొక్కదాన్ని చాలు" అంది, నా తల నిమురుతూ.

మామ్మ పోయింది, అన్నయ్యా పోయాడు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ అరుగు కొట్టేశారు. సందెవేళ నోరు జాగ్రత్త అని అదిలించే పెద్దవాళ్లు ఏ ఇంట్లోనూ కనబడటం లేదు. మా మనవరాలు "నేను చచ్చిపోతేనో" అని రోజుకి పదిసార్లు అంటుంది, ఎవరూ తల తిప్పి చూడరు. టైఫాయిడ్ నీళ్ల వల్ల వస్తుందని, మాటల వల్ల రాదని, డాక్టరైన మా అబ్బాయి నాకు విడమరిచి చెప్పాడు. తలూపాను. మామ్మ అనుకున్నట్టు అనుకోడానికి ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను.