అడగడం వరకే మా అధికారం

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది, విదేశంలో, లెపర్డ్స్‌టౌన్‌లో ఉద్యోగం చేస్తుండగా, నన్ను ఒక స్వచ్ఛంద సాఫ్ట్‌వేర్ సంఘం పాలకమండలికి ఎన్నుకున్నారు. చూపులేనివాళ్లకు తెరమీది తెలుగును చదివి వినిపించే ఉచిత సాఫ్ట్‌వేర్ మాది. ఎవరికీ జీతాలుండవు. ఒక్కో భాగానికి ఒక మెయింటెయినర్ ఉంటాడు. ఎవరు మార్పు పంపినా ఆయన చూసి ఒప్పుకున్నాకే విడుదల చేస్తాం.

ఉచ్చారణ భాగం మా ఊరికి గంట ప్రయాణంలోని పోర్ట్‌లీష్‌లో ఉండే ప్రసాద్‌ది. ఆ భాగం భిన్నాలను తప్పుగా చదువుతోందని ఫిర్యాదులొచ్చాయి. మందుచీటీలో అర మాత్రకు ½ అని ఉంటే "ఒకటి, రెండు" అని వినిపిస్తోంది. లత అనే వలంటీరు దాన్ని సరిచేసి పంపింది. ప్రసాద్ దగ్గర్నుంచి వారాల తరబడి జవాబు లేదు. గడువు పెట్టి ఆదేశిద్దామని, వినకపోతే తొలగిద్దామని అధ్యక్షురాలు ప్రతిపాదించారు. నిబంధనల ప్రకారం విడుదల హక్కు మండలిదే. వలంటీరును ఆదేశించే హక్కు మాత్రం ఎక్కడా లేదు. ముందు నేను వెళ్లి కలుస్తానన్నాను. శనివారం లూకన్‌లోని మా ఇంటి నుంచి కారులో బయల్దేరాను.

ప్రసాద్ తలుపు తీశాడు. గడ్డం మాసి ఉంది. భార్య శాంతి నర్సు. పెద్ద ఆపరేషనయి ఇంట్లో మంచం మీద ఉంది. నేనెందుకొచ్చానో అతనికి చెప్పక్కర్లేకపోయింది.

"తప్పుకుంటాను సార్. ఇక నావల్ల కాదు."

లోపలి గదిలోంచి శాంతి అంది: "అన్నయ్యా, ఆయన మాట వినకండి. నా జబ్బు సంగతి తెలిసినప్పట్నుంచి లాప్‌టాప్ ముట్టుకోలేదు. ఈ పనీ పోతే ఈయనకి నా మంచం తప్ప ఇంకేం మిగలదు."

ప్రసాద్ తల దించుకున్నాడు.

"పని చేయించడానికి రాలేదమ్మా. ఆ హక్కు మాకు లేదు," అన్నాను. లత పంపిన ఈ ఒక్క మార్పును మండలి తరఫున విడుదల చేయనిస్తావా అని అతన్ని అడిగాను. అతని పేరూ హక్కులూ అలాగే ఉంటాయన్నాను.

"చేయండి సార్. ముప్పావు కూడా ఒకసారి విని చూడండి. అది మొదట్నుంచీ మొండిది," అన్నాడు. శాంతి నవ్వింది. అతనూ నవ్వాడు.

అనుమతి అడిగితే మండలి పరువేం కావాలని సమావేశంలో ఒకరు వాదించారు. ఓటింగులో మాత్రం అందరూ సరేనన్నారు. విడుదలైన సాఫ్ట్‌వేర్ అర మాత్రను అర మాత్రగానే చదివింది. శాంతి కోలుకుని డ్యూటీకి వెళ్లాక ప్రసాద్ తిరిగొచ్చాడు. లతను తనతోపాటు మెయింటెయినర్‌గా పెట్టమని మొదటి రోజే కోరాడు.

నేను నేర్చుకున్నదిది: మండలి అధికారం విడుదలల మీద, హక్కుల మీద, సంఘం పేరు మీద చెల్లుతుంది. జీతం లేకుండా పనిచేసే మనిషి సమయం మీద చెల్లదు. దాన్ని అడగాలి, ఇవ్వలేనంటే పని నడిచే దారి మనం చూసుకోవాలి.