గొడుగులో బిస్కెట్లు

అమ్మ గొడుగు విప్పగానే మా నాయన నెత్తిన బిస్కెట్లు రాలాయి. చుట్టిన కాగితం ఒక పక్కకు ఎగిరిపోయింది. ఒక బిస్కెట్ ఆయన భుజం మీద ఆగింది. ఇంకొకటి ఆయన చేతుల్లోని ఇత్తడి గిన్నె మూత మీద పడి ఠంగుమంది. ఆ గిన్నెలో గుడికి వెళ్లాల్సిన నైవేద్యం ఉంది. నాయన అప్పుడే స్నానం చేసి మడిబట్టలో ఉన్నాడు. వాకిట్లో వాన పడుతోంది.

గొడుగు నాది. బిస్కెట్లు తెచ్చిందీ నేనే.

హైదరాబాదు ఇంకా విడి రాష్ట్రంగా ఉన్న రోజులవి. గౌలిపురాలో మా సందు చివరి గుడికి మావాళ్లే పూజారులు. నాయన పూజ చేసేవాడు, నేను పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. నైవేద్యం నా భార్య వండేది. బయటి నుంచి ఏది తెచ్చినా ముందు అమ్మ చేతికివ్వాలి. మల్లెపూలయినా సరే, దేవుడి ముందు పెట్టాకే ఇంకెవరికైనా. ఇరానీ హోటల్ బిస్కెట్లకు ఆ దారి లేదు. ఒకసారి నా జేబులో మిగిలిపోయిన ముక్కను నా భార్య వాసన చూసి నోట్లో వేసుకుంది. అప్పటి నుంచి మనసు పుట్టినప్పుడు కొన్ని కొని గొడుగు మడతల్లోకి జారవిడిచి, తలుపు వెనక కొక్కేనికి తగిలించేవాణ్ణి. ఎప్పుడు తెస్తానో నాకే తెలియదు. ఆమె మాత్రం రోజూ గొడుగు తడిమి చూసేది.

ఆ సాయంత్రం ఆమె తడిమేలోపే వాన వచ్చింది. నాయన తడవకుండా, ఆయనకు తగలకుండా పట్టుకుందామని అమ్మ చేతికందిన గొడుగు తీసుకుంది.

“ఏందివి?” అంది అమ్మ.

వంటింటి గడపలోంచి నా భార్యే చెప్పింది.

“నాకోసం తెచ్చిన్రు, అత్తమ్మా.”

“హోటల్లయా? గుడ్లేస్తరంట గదనే! గివి తినుకుంట దేవునికి వండుతున్నవా? ఇగ పొయ్యి ముట్టకు!”

నైవేద్యం వండే కోడలని ఇంట్లో, సందులో నా భార్యకొక స్థానం ఉండేది. అది ఒక్క మాటతో పోయింది.

నాయన భుజం మీది బిస్కెట్‌ను చూశాడు.

“దీంట్ల గుడ్లుండయ్. ఇది చాంద్ బిస్కెట్. ఉప్పుప్పగ ఉంటది, చాయ్‌ల ముంచుకోవాలె.”

తానేమన్నాడో ఆ తర్వాతే ఆయనకు తెలిసినట్టుంది. మా బావి నీళ్లు తప్ప బయట చుక్క ముట్టడని సందంతా చెప్పుకునే మనిషి ఆయన!

కోడలు పొయ్యి ముట్టకూడదంటే, ఆయన విగ్రహం ముట్టకూడదు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. అమ్మ, “తానం జేసి మళ్ల వండు, పో,” అంది కోడలితో. ఆమె కదిలింది. అమ్మ కదల్లేదు. గొడుగు ఇంకా ఆయన మీదే పట్టుకుని, ఎప్పుడూ వినని చిన్న గొంతుతో అడిగింది.

“తిన్నరు, సరే. నాకొక్కనాడన్న తెచ్చిన్రా?”

నాయన గిన్నె కింద పెట్టి, వానలోనే మళ్లీ స్నానానికి బావి దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ పూట గుడి ఆలస్యంగా తెరిచారు. ఆ తర్వాత కూడా నైవేద్యం నా భార్యే వండింది. అమ్మ అడిగినదానికి మాత్రం ఆయన బతికి ఉండగా జవాబు చెప్పలేదు. ఆయన ఏ హోటల్లో తిన్నాడో, ఎవరితో తిన్నాడో మాకు ఇప్పటికీ తెలియదు.