పిల్లికన్ను కాటుక

భవానీపురం గుడిసెల్లో రూతు నర్సు వస్తోందంటే ఆడవాళ్ళు ముందు నీళ్ళబిందెల మీద మూతలు పెట్టేవారు. బిందెకి మూత లేకపోతే ఆవిడ నోటికి మూత ఉండదని అందరికీ తెలుసు. మనిషి పొట్టి, సన్నం. నీలం అంచు తెల్లచీర, భుజాన తోలుసంచి, కాళ్ళకి మగవాళ్ళ చెప్పులు. కోపం వచ్చిందంటే మాత్రం కృష్ణ ఒడ్డున ఇసక ఎత్తే కూలీలు కూడా పారలు ఆపి వినేవారు. ఆమె భర్త సంజీవరావు మిషను బడిలో పంతులు, నెమ్మదస్తుడు. "మా ఇంట్లో పొయ్యి విడిగా రాజెయ్యక్కర్లేదండీ" అని నవ్వేవాడు. రూతు నవ్వేది కాదు.

ఆ కోపం ఊరికే వచ్చింది కాదు. గుడివాడ అవతల ఒక పల్లెలో ఆమె తల్లి సంపూర్ణమ్మ ఓ రైతు దగ్గర కూలికి పోయేది. కడుపుతో ఉన్నప్పుడల్లా ఆమెకు రేచీకటి వచ్చేది. పొద్దు వాలితే చాలు, గోడ పట్టుకుని నడిచేది. గొడ్లకి గడ్డి వెయ్యడానికి వెళ్ళి కుడితి గాబుకి గుద్దుకుంటే రైతు భార్య, "పిల్లిక్కూడా కనపడుద్ది గదే చీకట్లో, నీకేం మాయరోగం?" అనేది. ఒక మునిమాపు గడ్డిమోపుతో వస్తూ సంపూర్ణమ్మ కాలవ మీద వేసిన తాటిదుంగ మీంచి పడిపోయింది. ఆ కడుపు నిలవలేదు. అప్పటికి రూతుకి తొమ్మిదేళ్ళు.

నర్సు ట్రైనింగులో కంటి పాఠం చెప్పిన ముసలి డాక్టరమ్మ రేచీకటి మాట ఎత్తగానే రూతు లేచి నిలబడింది. "మరి పిల్లికెలా కనపడుద్దండీ చీకట్లో?" అని అడిగింది. క్లాసంతా గొల్లున నవ్వింది. డాక్టరమ్మ నవ్వలేదు. మర్నాడు మాంసం కొట్టునించి మేక కన్ను తెప్పించి కత్తితో చీల్చి చూపించింది. లోపలి జిగురు తీసేస్తే వెనకాల నెమలి మెడలా నీలంగా, పచ్చగా మెరిసే పొర.

"పిల్లికీ ఇలాంటి పొర ఉంటుంది. మనకి లేదు. మసక పడగానే దాని కనుపాప ఇంత పెద్దగా విచ్చుకుంటుంది. లోపలికొచ్చిన కాస్త వెలుతురూ ఈ పొర మీద పడి అద్దం మీంచి వచ్చినట్టు వెనక్కొస్తుంది. అంటే ఒకటే వెలుతురుని కన్ను రెండుసార్లు వాడుకుంటుందన్నమాట. వెలుతురే లేని చోట పిల్లికీ కనపడదు. ఇక ఆ వెలుతురుని పట్టుకునే పదార్థం కంట్లో తయారవ్వాలంటే, పిల్లికైనా మనిషికైనా తిండిలోంచే రావాలి. పిల్లి ఎలకని కాలేజంతో సహా తింటుంది. ఆకుకూర తిన్నా మనకి సరిపోతుంది."

రైతు పెరట్లో మునగచెట్టు ఉండేది. దాని కొమ్మలు నరికి ఆకంతా గేదెలకి వేసేవారు. సంపూర్ణమ్మే వేసేది. రూతుకి అది గుర్తొచ్చి క్లాసులోంచి బయటికి వెళ్ళిపోయింది. ఏడవడానికి కాదు. గోడని గుద్దడానికి.

డెబ్భై నాలుగో సంవత్సరం శ్రావణమాసంలో, భవానీపురంలో శివపార్వతి అనే అమ్మాయికి ఆరో నెల. ఆమె భర్త హనుమయ్య వన్ టౌన్ గోడౌన్లలో బస్తాలు మోసే ముఠా కూలీ. రూతు ఆమె కడుపు చూడ్డానికి వెళ్ళేసరికి ఆ అమ్మాయి అరికాలికి గుడ్డ కట్టుకుని ఉంది. నిన్న సాయంత్రం పొయ్యిలోంచి తీసి పక్కన పడేసిన కొరకంచు మీద కాలేసిందట.

"కనపళ్ళేదా?"

"పొద్దు కూకితే కనపట్టంలేదు నర్సమ్మగారండీ. పొగ కమ్మినట్టుంటంది. కడుపుతో ఉంటే అందరికీ అంతేనంట గదండీ, మా అత్త చెప్పింది."

రూతు ఆ అమ్మాయినీ, గుమ్మంలో కూర్చున్న మొగుణ్ణీ మార్చి మార్చి చూసింది. "మీ అత్తకేం తెలుసు! అలా ఉండకూడదు. మునగాకు, తోటకూర రోజూ తినాలి. వారానికోసారి కాలేజం తేరా హనుమయ్యా, పావుకిలో చాలు. ముందుగా ఈ పిల్లకి గుళికలిస్తాను, రోజుకొకటి" అంది.

గుళికలు ఆమె సంచిలో లేవు. ఆరోగ్య కేంద్రంలో ఉన్నాయి. ఎ విటమిను నూనె గుళికలు, నెల కిందటే వచ్చాయి, అయిదు డబ్బాలు. అవి బీరువాలో ఉన్నాయి, బీరువా తాళం స్టోర్ కీపర్ వెంకటప్పయ్య మొలతాడుకి ఉంది, వెంకటప్పయ్య తిరుపతిలో ఉన్నాడు. రూతు డాక్టరు దగ్గరికి వెళ్ళింది.

"వస్తాడుగా అమ్మా, సోమవారానికి" అన్నాడాయన పేపరు మడుస్తూ.

సోమవారం రాలేదు. గురువారం వచ్చాడు. వచ్చినవాడు స్టాకు రిజిస్టరు చూసుకోవాలని శుక్రవారం కూడా ఇవ్వలేదు. రూతు రోజూ ఆ బీరువా ముందు నిలబడి ఇంటికి పోయేది. మధ్యలో ఒకరోజు మందులషాపులో కొనుక్కుపోదామని కూడా అనుకుంది. గవర్నమెంటు సొమ్ము అక్కడ మూలుగుతుంటే నేనెందుకు కొనాలి అని పంతం వచ్చింది. ఆ పంతాన్ని ఆమె తర్వాత ఎప్పటికీ క్షమించుకోలేదు.

శనివారం గుళికలతో వెళ్ళేసరికి శివపార్వతి గుడిసెలో ఓ మూల గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. రెండు కళ్ళకీ దట్టంగా నల్లటి కాటుక. ఎడమ కన్ను వాచిపోయి ఉంది. రెప్పల సందున కాటుకతో కలిసి చీము కారుతోంది.

"ఏమిటే ఇది?"

హనుమయ్య ఎదురొచ్చాడు. ఏదో మంచిపని చేసినవాడిలాగే చెప్పాడు. "పిల్లికన్ను కాటుకండీ. వన్ టౌన్లో వైద్యుడిస్తన్నాడు. పిల్లి కళ్ళు ఎండబెట్టి, కాల్చి, ఆముదంలో నూరి చేత్తాడు. రెండు పూటలా పూత్తే పిల్లికి కనపడ్డట్టే కనపడుద్దన్నాడండీ. ముందు మంటెత్తుద్ది, ఎత్తితేనే పని చేత్తన్నట్టు అన్నాడు."

రూతు చెయ్యి ఎత్తింది. కొట్టలేదు గాని, గాలిలో ఉన్న ఆ చేతిని చూసి హనుమయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. "బుద్ధుందా నీకు? నేను చెప్పిన ఆకు తెచ్చావా? కాలేజం తెచ్చావా? బూడిద తెచ్చి కళ్ళల్లో కొడతావా?"

"మీరు గుళికలిత్తానన్నారు గదండీ" అన్నాడతను. "వారం రోజులు చూశామండీ."

రూతు ఎత్తిన చెయ్యి దించి ఆ అమ్మాయిని లేవదీసింది.

రిక్షాలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. దారంతా శివపార్వతి ఆమె మోకాలు పట్టుకునే ఉంది. అసలే తేమ చచ్చిన కన్ను, పైగా బూడిద రాపిడి, పుండు పడి నల్లగుడ్డు మెత్తబడిపోయిందని కంటి డాక్టరు చెప్పాడు. ఎడమ కన్ను దక్కదు. కుడిది దక్కించుకోవాలంటే ఈ రోజునించే గుళికలు మొదలెట్టాలన్నాడు. రూతు సంచి తెరిచి డబ్బా బల్ల మీద పెట్టింది. అప్పుడామెకి ఆ డబ్బాని నేలకేసి కొట్టాలనిపించింది.

మర్నాడు ఆదివారం. రూతు చర్చికి వెళ్ళలేదు. పొద్దున్నే మాంసం కొట్టులో మేక తలకాయ ఒకటి కొని, కళ్ళు తీయించి ఆకులో కట్టించుకుంది. తలకాయని సంజీవరావు చేతికిచ్చి, "కూర వండించండి. నాకు పనుంది" అని వన్ టౌన్ దారి పట్టింది.

వైద్యుడి పేరు రామకోటేశ్వరరావు. పచ్చళ్ళ కొట్టు పక్క వసారాలో బల్ల వేసుకుని కూర్చుంటాడు. నుదుటి నిండా విభూది, వెనకాల రేకు మీద రాసిన బోర్డు. బల్ల కింద వెదురు బోనులో మూడు పిల్లులు. అవి చూపించి జనాన్ని నమ్మిస్తాడు. ఒకదాన్ని మెడ పట్టుకుని ఎత్తి, కంబళి కిందికి పెట్టి, సందులోంచి దాని కళ్ళు మెరుస్తుంటే, "చూశారా, ఇదీ జ్యోతి! ఈ జ్యోతే మన కాటుకలో ఉంది!" అంటున్నాడు. చుట్టూ పదిహేనుమంది, ఎక్కువమంది ఆడకూలీలు.

రూతు జనంలోంచి తోసుకుంటూ వెళ్ళి ఆకుపొట్లం అతని బల్ల మీద విప్పింది.

"ఇదేమిటమ్మా? ఎవరు నువ్వు?" అన్నాడతను.

"చెబుతా." సంచిలోంచి కత్తి తీసి మేక కన్ను కోసింది. జిగురు తుడిచి పైకెత్తి పట్టుకుంది. ఎండ పడి ఆ పొర నీలంగా మెరిసింది. జనం ఒక్కసారిగా "అబ్బా" అన్నారు. "ఇదేనా నీ జ్యోతి? ఇది మేక కన్ను. పొద్దున కోసింది. చచ్చిపోయినా మెరుస్తంది, ఎందుకంటే ఇది మంట కాదు, దీపం కాదు, ఒట్టి పొర. బయటి వెలుతురు దీని మీద పడితే మెరుస్తంది. లేకపోతే మెరవదు. గేదెకుంది, కుక్కకుంది. ఇందులో మందే ఉంటే తలకాయ కూర తిన్నోళ్ళందరికీ చీకట్లో కనపడాలిగా!"

ఎవరో నవ్వారు. రామకోటేశ్వరరావు మొహం కందిపోయింది. "మాది తరాలనాటి వైద్యం! ఇంగ్లీషు సూదులోళ్ళకేం తెలుసు?"

"సరే, ఆ పిల్లిని నీ మందుల చెక్కపెట్టెలో పెట్టి మూత వెయ్యి. సందు లేకుండా వెయ్యి. కన్నమొకటి ఉంచి దానికి కన్ను ఆనించి చూద్దాం, దాని జ్యోతి ఎక్కడికి పోద్దో!" అంది రూతు. అతను కదల్లేదు. "వెయ్యవు. ఎందుకంటే నీకు తెలుసు. తెలిసే చేస్తున్నావు. నిన్న భవానీపురంలో ఒకమ్మాయి కన్ను పోయింది. పందొమ్మిదేళ్ళ పిల్ల. ఆరో నెల కడుపు." ఆమె గొంతు అక్కడ చీలిపోయింది. ఆ చీలిక వినపడకుండా ఆమె ఇంకా గట్టిగా అరిచింది. "ఆ కన్ను తెచ్చిస్తావా? దాన్ని కూడా నూరుతావా?"

వంగి బోను తలుపు పీకేసింది. మూడు పిల్లులూ పచ్చళ్ళ జాడీల మీంచి దూకి, పెంకుల మీదికెక్కి మాయమైపోయాయి. ఆ రోజు పగిలిన జాడీలు రెండు. పచ్చళ్ళ కొట్టు శెట్టిగారు రూతునే తిట్టాడు.

పోలీసులు కేసు రాసుకోలేదు. వైద్యుడు నెలలోపల పటమటకి మకాం మార్చి వేరే బోర్డు పెట్టాడని తెలిసింది. రూతు సెలవు పెట్టి మరీ పటమట వెళ్ళింది. అక్కణ్ణించీ ఉడాయించాడు. ఆరోగ్య కేంద్రంలో మాత్రం ఆమెకి మెమో ఇచ్చారు, బజారులో యూనిఫారంలో గొడవ చేసి శాఖ పరువు తీసినందుకు. వివరణ రాయమంటే ఆమె నాలుగు పేజీలు రాసింది. తాళం సంగతి, పేపరు సంగతి, సోమవారం, గురువారం, శుక్రవారం, అన్నీ రాసింది. తను మందులషాపుకి పోకపోవడం కూడా రాసింది. ఆ కాగితం చదివిన డాక్టరు ఆ తర్వాత ఆమె మొహం చూసి మాట్లాడలేదు. కానీ బీరువాకి రెండో తాళంచెవి చేయించారు. అది రూతు దగ్గరే ఉండిపోయింది.

శివపార్వతి కుడి కన్ను కుదుటపడింది. పన్నెండో రోజు సాయంత్రం ఎవరూ పట్టుకోకుండా బావి దాకా నడిచి నీళ్ళు తెచ్చుకుంది. ఎడమ కంట్లో తెల్లటి పువ్వు మిగిలింది. కార్తీకంలో ఆడపిల్లని కంది. రూతు ఇంటికొస్తే పీట వేసేది, అడిగినదానికి జవాబు చెప్పేది. తనంత తానుగా ఒక్క మాట మాట్లాడేది కాదు. హనుమయ్యతోనూ అంతే, అత్తతోనూ అంతే.

పిల్లకి ఏడాది దాటాక గుడిసెల్లో పిల్లలందరికీ విటమిను మందు చెంచాతో పోస్తున్నారు. వరసలో శివపార్వతి వంతు వచ్చింది. పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రూతు సీసా మూత తీస్తుంటే ఆ అమ్మాయి తలెత్తి సూటిగా చూసింది.

"వాడొక్కడే కాదండి నా కన్ను తీసింది" అంది. "మా ఆయన, మా అత్త, మీరు, మీ బీరువా తాళమోళ్ళు. అందరూ కలిసి తీశారు."

వరసలో ఉన్న ఆడవాళ్ళు బిక్కచచ్చిపోయారు. ఇప్పుడు నర్సమ్మ ఎంత మాట అంటుందోనని చూశారు.

"అవునమ్మా" అంది రూతు.

శివపార్వతి పిల్ల గడ్డం పట్టుకుని నోరు తెరిపించింది. "పొయ్యండి" అంది.